28 ఆవుల కొట్టానికి గోబర్ గ్యాస్: పర్మిషన్లు ఏవి కావాలి, స్లర్రీ ఎక్కడికి వదలాలి?

పాకాల_పాడి

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. 28 క్రాస్ ఆవులు, పాలు డెయిరీకి పోస్తాం. పేడంతా దిబ్బకు పోతాది, కొట్టం కడిగిన రొచ్చు నీళ్లు కాలవ పట్టుకోని వంకలోకి పోతాయి. వాసన వస్తా ఉండాదని చుట్టుపక్కలవాళ్లు పంచాయతీలో అర్జీ పెట్టినారు. గోబర్ గ్యాస్ కట్టేస్తే రొచ్చూ పోతాది, వాసనా పోతాదని ఒక కాంట్రాక్టరు 25 క్యూబిక్ మీటర్ల ప్లాంటుకు కొటేషన్ ఇచ్చినాడు. కొట్టం కడిగిన నీళ్లు కూడా నేరుగా ప్లాంటులోకే వదిలేయొచ్చంట.

కొలతలు: దగ్గరి ఇల్లు 70 మీటర్లు, వంక 60 మీటర్లు, తాగే నీళ్ల బోరు కొట్టానికి 12 మీటర్లు. భూమి 4 ఎకరాలు, అందులో రెండు నేపియర్ గడ్డి, రెండు మామిడి. పొల్యూషన్ బోర్డు దాకా పోవాల్నా, పంచాయతీతో సరిపోతాదా? 25 సైజు సరైందేనా? స్లర్రీ (ప్లాంటులో పులిసి బయటకొచ్చే పేడనీళ్లు) ఎక్కువైతే వంకకు వదిలితే తప్పా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

కొట్టం_లెక్కలు

ముందు సైజు సంగతి తేల్చుకుందాం, మిగతావన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి.

400 కిలోల ఆవు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. తక్కువ లెక్కే పట్టుకోండి: 28 × 15 = 420 కిలోలు. నేలలో కలిసేది, తొక్కుడులో పోయేది తీసేస్తే చేతికొచ్చేది 375. ఒక క్యూబిక్ మీటరు గ్యాసుకు 25 కిలోల పచ్చి పేడ కావాలి. 375ని 25తో భాగిస్తే 15. మీకు కావాల్సింది రోజుకు 15 క్యూబిక్ మీటర్ల గ్యాసిచ్చే ప్లాంటు. 25 కడితే రోజూ 625 కిలోల పేడ పోయాలి, అంత పేడ మీ దగ్గర లేదు. సగం ఆకలితో ఉన్న ప్లాంటుకు డబ్బు మాత్రం పూర్తిగా కట్టినట్టవుతుంది.

రొచ్చు నీళ్లు ప్లాంటులోకి వదలమన్న మాట దీనికంటే ప్రమాదం. ఎందుకో చూడండి. మన వాతావరణానికి పేడ లోపల 30 రోజులు నిలవాలి, దక్షిణాది రాష్ట్రాలకు డిజైన్లు ఆ లెక్కనే ఉంటాయి. 375 కిలోల పేడ, 375 లీటర్ల నీళ్లు కలిస్తే రోజుకు 750 లీటర్లు. 30 రోజులకు 22.5 క్యూబిక్ మీటర్ల జాగా. ఇప్పుడు పైపు పెట్టి కొట్టం కడిగితే ఆవుకు సులువుగా 100 లీటర్లు పోతాయి, అంటే 2,800 లీటర్లు. అవి కూడా లోపలికి పోతే రోజుకు 3,500 పైచిలుకు. అదే 22.5 క్యూబిక్ మీటర్లలో పేడ నిలిచేది 6 రోజులు. గ్యాసు చేసే సూక్ష్మజీవులు అంత తొందరగా పెరగలేవు, నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. అవతల బయటకొచ్చేది స్లర్రీ కాదు, సగం ఉడికిన పేడనీళ్లు. వాసన ఇప్పటికంటే ఎక్కువే ఉంటుంది.

పైగా కొట్టంలో ఫినాయిల్, బ్లీచింగ్, గిట్టల మందు తొట్టిలోని కాపర్ సల్ఫేట్, ఫార్మలిన్ అన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. ఒక్క రోజు ఫినాయిల్ కడుగుడు చాలు, వారం పాటు పొయ్యి మీద మంట నీరసిస్తుంది. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేసిన ఆవు పేడ కూడా మందు తీరేదాకా దిబ్బకే వేయండి.

కాబట్టి కొట్టంలో రెండు దారులు ఉండాలి. పొద్దున ముందు పారతో, గోకుడు పలకతో పేడ ఎత్తి కలిపే తొట్టిలో వేయాలి. ఆ తర్వాతే నీళ్లు. ఆ నీళ్లకు వేరే కాలవ, చివర రెండు గదుల మడ్డి తొట్టి, అక్కణ్ణుంచి నేపియర్‌కు. వంకకు కాదు.

మోడలు గురించి ఒక మాట. దీనబంధు గుమ్మటం చిన్న సైజులకు చవక, బాగుంటుంది. 15కు డ్రమ్ము తేలే కేవీఐసీ (ఖాదీ గ్రామోద్యోగ కమిషన్) మోడలు నయం, లేదా రెండు చిన్న గుమ్మటాలు. రెండు కడితే ఒకటి రిపేరుకు వచ్చినా రెండోది నడుస్తుంది.

రూలుబుక్కు

పర్మిషన్ల సంగతి. ఇందులో జనం కలగలిపేస్తున్నవి రెండు: కొట్టానికి పర్మిషన్ వేరు, గ్యాసు ప్లాంటుకు వేరు.

ఇంట్లో రెండావుల మీద 2 క్యూబిక్ మీటర్ల ప్లాంటు పెట్టుకుంటే ఎవరూ అడగరు. మీది 28 ఆవులతో పాల వ్యాపారం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి డెయిరీ ఫారాలకు, గోశాలలకు 2020లో మార్గదర్శకాలు ఇచ్చి 2021లో సవరించింది. అందులో డెయిరీ ఫారాలను ఆరెంజ్ కేటగిరీలో, గోశాలలను గ్రీన్‌లో పెట్టారు. ఈ రంగులు కాలుష్యం ఎంతో చెప్పే వర్గాలు. ఆరెంజ్ అంటే 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద రాష్ట్ర బోర్డు అనుమతి. మన దగ్గర కట్టకముందు తీసుకునేది సీఎఫ్ఈ, నడపడానికి తీసుకునేది సీఎఫ్ఓ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, మీ ఫైలు చూసేది తిరుపతి ప్రాంతీయ కార్యాలయం.

పంచాయతీ తీర్మానం దానికి బదులు కాదు. కానీ అది లేకుండా పోతే ఊళ్లో గొడవ తప్పదు, అదీ తీసుకోండి.

2020 మార్గదర్శకాల్లో స్థలం ఎంపికకు చెప్పిన దూరాలు ఇళ్లకు 200 మీటర్లు, బడులకు, ఆసుపత్రులకు 500 మీటర్లు. మీ దగ్గర ఇల్లు 70లో ఉంది. ఇది దాచిపెట్టి స్కెచ్ గీస్తే మొదటి తనిఖీలోనే పట్టుబడుతుంది. ఉన్నది ఉన్నట్టు చూపించి, దానికి బదులుగా మీరేం చేస్తున్నారో రాయండి: పేడ కప్పు కింద ఉంటుంది, ప్లాంటు ఇంటికి అవతలి పక్క, స్లర్రీ గుంతలకు కప్పు, వంకకు చుక్క పోదు. దరఖాస్తుతో ఒక తెల్లకాగితం స్కెచ్ పెట్టండి: సర్వే నంబరు, కొట్టం, బోరు, వంక, ఇల్లు, గుంతలు, మధ్య దూరాలు మీటర్లలో. దాని వెనక ఒక లెక్క: రోజుకు ఎంత పేడ, ఎంత నీరు, ఎంత స్లర్రీ, ఏ కయ్యకు ఎంత. ఫైలు వెనక్కి తిరిగి రావడానికి ఎక్కువగా ఈ లెక్క లేకపోవడమే కారణం.

ఇక వంక. నీటి చట్టం 24వ సెక్షన్ వాగులో, బావిలో కాలుష్యం కలిగించేది వదలడాన్ని నేరుగా నిషేధిస్తుంది. కొలతల్లో చెప్పాలంటే, 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో సాధారణ ప్రమాణం ఇది: వాగుల్లోకి వదిలే నీటిలో బీఓడీ (నీటిలోని మురికి కుళ్లడానికి పట్టే ఆక్సిజన్ లెక్క) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సేద్యానికి భూమి మీద పారించే వ్యర్థజలంలో 100. ప్లాంటు నుంచి బయటకొచ్చే స్లర్రీలో అది వేలల్లో ఉంటుంది. ఎంత బాగా పులిసినా 30కి దిగదు. స్లర్రీని కాలవలో వదిలితే అది వ్యర్థజలం, కొలిచి ఎరువుగా పొలానికి వేస్తే ఎరువు. అందుకే ఎక్కడికి పోయిందన్న రాత కావాలి. ఒక నోటుబుక్కు చాలు: తేదీ, ఎన్ని లీటర్లు, ఏ కయ్య.

అర్జీ వేసినవాళ్లు ఆర్డీఓ దాకా పోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ) 133, దాని బదులు వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 152 సెక్షన్ కింద న్యూసెన్స్ తొలగించమని నోటీసు రావచ్చు. అప్పుడు చేతిలో ఉండాల్సింది సీఎఫ్ఈ దరఖాస్తు రసీదు, ఆ నోటుబుక్కు.

సబ్సిడీ కావాలంటే నెడ్‌క్యాప్‌ను (ఇప్పటి పేరు ఎన్ఆర్ఈడీసీఏపీ) అడగండి, రాష్ట్రంలో బయోగ్యాస్‌కు నోడల్ ఏజెన్సీ అదే. 2021-22 నుంచి 2025-26 దాకా నడిచిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం మొదటి దశలో చిన్న ప్లాంట్లకు సైజును బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాకా ఇచ్చారు. ఇప్పుడు ఏ రేటు నడుస్తోందో అక్కడే రాతపూర్వకంగా తీసుకోండి. గుంత తవ్వకముందే దరఖాస్తు పెట్టాలి, కట్టేశాక పోతే వినరు.

స్లర్రీ_గుంత

పైన ఇద్దరూ చెప్పింది సరే. అసలు చిక్కంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. ఆ రెండున్నర నెలలు కయ్యలు తడిసి ఉంటాయి, స్లర్రీ పోస్తే ఇంకదు, వానతో పాటు వంకకే పోతుంది. ప్లాంటు మాత్రం ఆగదు, రోజూ 750 లీటర్లు పోస్తే దాదాపు అంతే బయటకొస్తుంది. పేడ గ్యాసుగా మారితే స్లర్రీ తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. బరువులో తగ్గేది నూటికి రెండు మూడు పాళ్లే.

అందుకని నిల్వ 75 రోజులకు కట్టుకోండి: 750 × 75 = 56,000 లీటర్ల చిల్లర. ఒకే పెద్ద గుంత వద్దు. 5 మీటర్లు పొడవు, 4 వెడల్పు, 1.3 లోతున మూడు. ఒక్కోదాంట్లో మీటరు ఎత్తు వరకే నింపితే 20 క్యూబిక్ మీటర్లు, పై 30 సెంటీమీటర్లు వానకు వదలాలి. ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుంది, ఒకటి ఎత్తిపోస్తుంటారు.

గుంత చుట్టూ అడుగున్నర గట్టు, పైనుంచి వచ్చే వాననీరు లోపలికి రాకుండా మళ్లించే చిన్న కాలవ. గట్టు లేని గుంత 2021 నవంబరు వరదల్లాంటి వాన పడితే గంటలో పొంగుతుంది. అడుగున గరుసు నేల అయితే నీరు నేరుగా దిగిపోతుంది, బోరు దగ్గర ఉంది కాబట్టి ఇది మీకు ముఖ్యం. పీసీసీ (కమ్మీలు లేని కాంక్రీటు) పోసి సిమెంటు పూత వేయండి, లేదా 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు గట్టులో పాతండి. షీటు మీద పార పెట్టకూడదు, ఇంకో మాట లేదు.

బోరు 12 మీటర్లలో ఉంది అన్నారు. ప్లాంటూ గుంతలూ బోరుకు కనీసం 15 మీటర్లు తప్పించండి, నేల వాలు బోరు నుంచి గుంతల వైపు ఉండాలి. ఇప్పుడే, కట్టకముందే, బోరు నీళ్లు నైట్రేట్ పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. తాగే నీటికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఏళ్లుగా పేడ దిబ్బ పక్కనున్న బోరులో ముందునుంచే ఎక్కువ ఉండవచ్చు. రేపు ప్లాంటు వల్లే పాడైందని ఎవరన్నా అంటే ఆ కాగితం మాట్లాడుతుంది.

పొలం లెక్క: స్లర్రీలో గట్టి పదార్థం నూటికి 7 పాళ్లు, ఆ గట్టి పదార్థంలో నత్రజని నూటికి 1.6 పట్టుకుంటే ఏడాదికి 300 కిలోల చిల్లర. 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్తే 15. అంతా ఒక్కసారే పైరుకు అందదు కానీ రెండెకరాల నేపియర్ మీదే ఏడాదంతా కుమ్మరిస్తే మేతలో నైట్రేట్ పేరుకుంటుంది, ఆవులకే చేటు. మామిడికి కూడా పంచండి, పాదు అంచున పోయండి, మొదలుకు తగలకుండా. కోత కోసిన వెంటనే నేపియర్‌కు, వాన సూచన లేని రోజు, సాయంత్రం పూట. ఎండలో ఆరబెడితే అమ్మోనియా గాలికి పోతుంది, నత్రజని పోయినట్టే. పేడ కంటే దాని వాసనే ముక్కుకు ఘాటుగా తగులుతుంది, పక్కింటికి చేరేదీ అదే.

ఈగలకు మందు కొట్టనక్కర్లేదు. గుంత మీద మామిడాకులు, చెరకు ఆకు అరచేయి మందాన పరిస్తే ఈగలు తగ్గుతాయి.

పాకాల_పాడి

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. 15కే పోతాను. రెండు అడగాల. ఇంట్లో ఐదుగురమే, మిగిలిన గ్యాసు ఏం చేసేది? సిలిండర్లలో పట్టి అమ్మొచ్చంటారు. ఇంకోటి, సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు తోతాపురి తోళ్లు ట్రాక్టరు లెక్కన ఊరికే ఇస్తామంటా ఉండారు. వేస్తే గ్యాసు పెరుగుతాదా?

నీలిమంట

గ్యాసు లెక్క ఇది. మనిషికి వంటకు రోజుకు 0.3 క్యూబిక్ మీటరు, ఐదుగురికి ఒకటిన్నర. 15లో 13 చిల్లర మిగులుతుంది. వాడకపోతే డ్రమ్ము అంచు నుంచి బుడగలు పోతుంది. దాంట్లో నూటికి 55, 60 పాళ్లు మీథేన్. వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 27, 28 రెట్లు వేడి పట్టేది అది. పేడ దిబ్బ నుంచి తప్పించి డ్రమ్ములోంచి వదిలితే పర్యావరణానికి చేసిన మేలేముంది? మిగిలిందాన్ని మండించాల్సిందే.

నీళ్లు కాగబెట్టడం అన్నిటికంటే సులువు. ఒక క్యూబిక్ మీటరుతో 50 లీటర్ల నీళ్లు 30 డిగ్రీల నుంచి 80కి వస్తాయి. పాల క్యాన్లు, మిషను కప్పులు కడగడానికి రోజూ పనికొస్తుంది. తర్వాత జనరేటరు: పూర్తి బయోగ్యాస్ ఇంజనుకు యూనిట్ కరెంటుకు 0.7 క్యూబిక్ మీటరు పట్టుకోండి. 10 ఇస్తే 14 యూనిట్లు, గడ్డి కోసే మిషను, పాలు పితికే మిషను నడుస్తాయి. పక్కింటికి పైపుతో ఇచ్చినా మంచిదే. అర్జీ పెట్టినవాళ్లకే మొదట ఇస్తే ఇంకా మంచిది.

ఇంజనుకు ఇచ్చే ముందు హైడ్రోజన్ సల్ఫైడ్ తీయాలి. అది ఉందని తెలిసే గుర్తు: రాగి తీగ ముక్క గ్యాసులో పెడితే నల్లబడుతుంది. తీయకపోతే ఇంజను ఆయిలు తొందరగా చెడి బేరింగులు తింటుంది. లేత్ మిషను దగ్గర దొరికే ఇనుప పొట్టు తడిపి వారం తుప్పు పట్టనిచ్చి, పీవీసీ గొట్టంలో వదులుగా నింపి గ్యాసును దాంట్లోంచి పోనివ్వండి. ఎర్రది నల్లబడితే పని అయిపోయినట్టు. బయటకు తీసేటప్పుడు నీళ్లతో బాగా తడపండి, పొడిగా గాలి తగిలితే దానంతట అదే వేడెక్కి పొగ వస్తుంది.

పైపు మీటరుకు సెంటీమీటరు వాలుండాలి, అన్నిటికంటే పల్లంలో నీటి ఉచ్చు. మంట ఎగిరెగిరి పడుతుంటే పైపులో నీరు నిలిచిందని. లీకు సబ్బు నురగతోనే చూడండి, అగ్గిపుల్లతో కాదు.

సిలిండర్ల మాట మర్చిపోండి. ఒత్తిడితో సిలిండర్లో నింపితే 2016 గ్యాస్ సిలిండర్ నియమాలు వర్తిస్తాయి, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి. దానికి ముందు గ్యాసు శుద్ధి చేయాలి, వాహనాలకైతే ఐఎస్ 16087 అనే భారతీయ ప్రమాణం ప్రకారం మీథేన్ 90 పాళ్లు దాటాలి. 15 క్యూబిక్ మీటర్లకు ఆ మిషన్లు గిట్టవు. ట్రాక్టరు ట్యూబులో పట్టి తీసుకుపోవడం కొన్ని చోట్ల చూస్తుంటాం, అది పొయ్యి పక్కన బాంబు పెట్టుకోవడమే.

కొట్టం_లెక్కలు

తోళ్లతో గ్యాసు పెరుగుతుంది, తోళ్లతోనే ప్లాంటు చచ్చిపోతుంది కూడా. చక్కెర తొందరగా పులిసి ఆమ్లం అవుతుంది, ఆ ఆమ్లాన్ని గ్యాసు చేసే జీవులు అంత వేగంగా తినలేవు. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.8 నుంచి 7.5 మధ్య ఉండాలి. 6.5 కిందికి దిగితే గ్యాసు వస్తూనే ఉంటుంది, అంటుకోదు, ఎక్కువ బొగ్గుపులుసు వాయువే కాబట్టి.

వేయాలనుకుంటే టెంకలు ఏరేసి, తోలు సన్నగా నరికి, మొదటి వారం రోజుకు 5 కిలోలు. పీహెచ్ పేపరు రోజూ చూస్తూ వారానికి 5 పెంచుకుంటూ 35 దగ్గర ఆపండి, అంటే పేడలో పదో వంతు లోపు. పడిపోతే తోళ్లు పూర్తిగా ఆపి వారం పేడ కూడా సగానికి తగ్గించండి. సున్నం గుమ్మరించొద్దు, అది ఇంకో దెబ్బ. చెనక్కాయ కట్టె, వరిగడ్డి ముక్కలు అసలు పోనివ్వకండి, పైకి తేలి చెక్కు కడతాయి.

ఇసుక కూడా చూసుకోండి. కలిపే తొట్టి అడుగు ఇన్‌లెట్ పైపు నోటి కంటే అంగుళంన్నర పల్లంగా కట్టించండి. ఉండలు లేకుండా కలిపి, పది నిమిషాలు నిలవనిచ్చి అప్పుడు బిరడా లాగితే గరుసు తొట్టిలోనే మిగులుతుంది. ఇది చేయకపోతే నాలుగైదేళ్లకు డైజెస్టరు (పేడ పులిసే ట్యాంకు) సగం మట్టే.

రూలుబుక్కు

తోళ్ల మీద ఇంకో కోణం. అవి ఫ్యాక్టరీ వ్యర్థం. ఎక్కడికి పంపుతున్నారో ఫ్యాక్టరీ తన అనుమతిలో చూపించాల్సినది. ఊరికే ఇస్తున్నారంటే వాళ్ల తలనొప్పి మీ పొలానికి మారుతోందని. 35 కిలోలకు ట్రాక్టరు ఎందుకు? మిగతాది మీ దగ్గర కుళ్లి కారుతుంది, ఆ నీళ్లు వంకకు పోతే అడిగేది మిమ్మల్నే. తీసుకుంటే ఎంత తీసుకుంటున్నారో వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకుని, మీ దరఖాస్తులో పేడతో పాటు తోళ్లు కూడా చూపించండి.

స్లర్రీ ఆరబెట్టి బస్తాల్లో నింపి పేరు పెట్టి అమ్మాలనుకుంటే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుంది. ఫర్మెంటెడ్ ఆర్గానిక్ మాన్యూర్ అని దాంట్లో వేరే ప్రమాణాలున్నాయి.

నీలిమంట

ఒకటి మర్చిపోయాను. శుభ్రం చేయడానికి ఎవర్నీ లోపలికి దించకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, అడుగున ఉంటుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100) దాటితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు. వాణ్ణి లాగబోయి రెండోవాడు. పాత బావుల్లో దీపం దించి చూసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఇక్కడ అది చేయకూడదు, మీథేన్ గాలిలో 5 నుంచి 15 పాళ్లు ఉంటే పేలుతుంది. మడ్డి తీయాల్సి వస్తే పైనుంచే పంపుతో తీయించండి. తప్పనిసరై దిగాలంటే డ్రమ్ము ఎత్తి, ఖాళీ చేసి, బ్లోయరుతో రోజంతా గాలి కొట్టి, గ్యాస్ మీటరుతో చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడ్డాకే.

పాకాల_పాడి

తోళ్లు వద్దని చెప్పేస్తాను. మేస్త్రీ సోమవారం ముగ్గు పోస్తానన్నాడు. ఆయన గీసిన దాంట్లో అవుట్‌లెట్ వంక వైపు ఉండాది, వాలు అటే కాబట్టి తవ్వకం తక్కువంట.

స్లర్రీ_గుంత

ముందు ఆ ముగ్గు ఆపండి, సీఎఫ్ఈ, నెడ్‌క్యాప్ కాగితాలు రెండూ తవ్వకం కంటే ముందు. ఆ లోపల స్కెచ్ తిప్పి గీయించండి. అవుట్‌లెట్ నేపియర్ వైపు, గుంతలు దాని పక్కనే వరసగా. వాలు ఎదురైతే ప్లాంటును రెండడుగులు ఎత్తుగా కట్టమనండి, ఇటుక కొంచెం ఎక్కువ పడుతుంది అంతే. వంక వైపు గట్టుకు తూము, పైపు, చిన్న కన్నం కూడా పెట్టనివ్వకండి. "ఎప్పుడన్నా పొంగితే పోవడానికి" అని మేస్త్రీలు ఒకటి పెడుతుంటారు. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట వెతికేది ఆ కన్నమే.